గొంతుకు వేసిన తాళం

ఈ కాలం పిల్లలు మీరు. వేలు ఆనిస్తే ఫోను తెరుచుకుంటుంది, మొహం చూపిస్తే బ్యాంకు తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే "మర్చిపోయాను" అని ఒక మీట నొక్కితే చాలు, కొత్తది ఇచ్చేస్తారు. అందుకే తాళం అంటే మీకు లెక్కలేదు. నేను చెప్పబోయే తాళానికి అలాంటి మీట లేదు. మర్చిపోయారా, ఇక అంతే సంగతులు. బతిమాలినా వినదు, తిట్టినా వినదు. నేను రెండూ చేసి చూశాను కాబట్టి చెప్తున్నా.

గుంటూరులో ఒక ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. గొప్ప ఉద్యోగమేమీ కాదు. పొద్దున కుర్చీలో కూర్చున్న దగ్గర్నుంచీ "మేడమ్, ప్రింటర్ పనిచెయ్యట్లేదు", "మేడమ్, స్కానింగ్ రిపోర్టు కనపడట్లేదు" అని ఫోన్లు. నాతోపాటు నెట్‌వర్క్ చూసే ఒకాయన ఉండేవాడు, రోజూ నల్లపాడు నుంచి బండిమీద వచ్చేవాడు. నోరు పెద్దది, మనసు మంచిది. మేమిద్దరం పోట్లాడుకోని రోజు ఉంటే ఆసుపత్రిలో వాళ్ళే వచ్చి "ఏమైంది, ఒంట్లో బాలేదా?" అని అడిగేవాళ్ళు.

మా పై అంతస్తులో మాట నేర్పే డాక్టరమ్మ ఉండేది. ఒంగోలు అమ్మాయి. గొంతు క్యాన్సర్‌కి స్వరపేటిక తీసేస్తారు చూడండి, ఆ ఆపరేషన్ తర్వాత మనిషికి మాట ఉండదు. మెడ ముందు ఒక రంధ్రం పెడతారు, దాంట్లోంచే ఊపిరి. ఆ అమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. ఆపరేషన్‌కి ముందే రోగి గొంతు రికార్డు చేసి పెడితే, తర్వాత ఫోనులో పెద్ద పెద్ద మీటలు పెట్టి, ఏది నొక్కితే ఆ మాట ఆయన సొంత గొంతుతోనే పలికేలా చెయ్యొచ్చు కదా అని. "నీళ్ళు కావాలి", "నొప్పిగా ఉంది", "మనవడేడి" ఇలాంటివి.

మంచి ఆలోచనే. కానీ ఈ రోజుల్లో ఒక మనిషి గొంతు కాస్త దొరికితే చాలు, ఆయన చేత అనని మాటలన్నీ అనిపించేస్తున్నారు. అందుకని నేనొక నియమం పెట్టాను. రికార్డు చేసిన ఫైళ్ళన్నీ ఒక్క మూటగా కట్టి, ఆ మూటకి తాళం వెయ్యాలి. ఆ రహస్య పదం రోగే పెట్టుకోవాలి, మాకు చెప్పకూడదు. తాళం పడ్డాక అసలు ఫైళ్ళు చెరిపెయ్యాలి.

"మన దగ్గర ఒక కాపీ ఉంచుకుందాం అక్కా, ఎందుకైనా మంచిది" అన్నాడు మా నెట్‌వర్క్ ఆయన.

"నీ ఇంటి తాళంచెవి నా దగ్గర ఒకటి ఉంచుతావా, ఎందుకైనా మంచిది?" అన్నాను. మూతి ముడుచుకుని పోయాడు.

ఆ తాళం వేసే పనిముట్టు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. దానికి బొమ్మలూ రంగులూ ఉండవు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఒక వరస టైపు చేస్తే ఫైలుకి తాళం వేస్తుంది, ఇంకో వరస టైపు చేస్తే తీస్తుంది. రహస్య పదం అడిగినప్పుడు మీరేం కొట్టినా తెరమీద ఏమీ కనపడదు. చుక్కలు కూడా పడవు. ఇంకోసారి కొట్టమంటుంది. రెండుసార్లూ ఒకటే అయితే "సరే" అన్నట్టు ఊరుకుంటుంది. అంతే.

తాళం పడ్డ ఫైలుని తెరిచి చూస్తే అంతా పిచ్చి గీతలు, చుక్కలు, ఏ భాషకీ చెందని గుర్తులు. భూమ్మీదున్న కంప్యూటర్లన్నీ కలిసి మనం పోయేదాకా కూర్చున్నా అందులోంచి ఒక్క మాట లాగలేవు. ఒక్క పదం సరిగ్గా కొడితే మాత్రం మొత్తం తిరిగొస్తుంది, దగ్గు కూడా పోకుండా. సర్వీసులో ఎన్నిసార్లు చేశానో ఆ పని. ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది, ఇప్పుడు చెప్తుంటే కూడా.

సరే, అసలు మనిషి దగ్గరికి వస్తా.

మిర్చి యార్డులో బేరాలు కుదిర్చే పెద్దమనిషి ఒకాయన వచ్చాడు ఆపరేషన్‌కి. వయసు మీదపడినా నిటారుగా ఉండేవాడు. అప్పటికే గొంతు బొంగురుపోయింది కానీ మాట గట్టిదే. వరండాలో మాట్లాడితే రెండు వార్డులకి వినపడేది. భుజం మీద ఎర్రగళ్ళ తుండుగుడ్డ. దాని నిండా మిర్చి ఘాటే. ఆయన గదిలోకి అడుగుపెడితే మాకు తుమ్ములు మొదలు. పక్కన భార్య. ఆమెకి షుగరు వల్ల చూపు పోయి ఏళ్ళయింది. ఆయన మోచెయ్యి పట్టుకుని నడిచేది.

"మా ఆవిడకి నా గొంతే వెలుగమ్మా" అన్నాడు నాతో. "గడప ఉంది, మెట్టుంది, కూర వేడిగా ఉంది, అన్నీ నేనే చెప్తా. రేపట్నుంచి ఎవరు చెప్తారు? అందుకే ఈ రికార్డింగు."

"సర్లేవయ్యా, వాళ్ళ పని వాళ్ళని చేసుకోనీ" అంది ఆమె.

మాట నేర్పే అమ్మాయి రోజూ ఆయన్ని కూర్చోబెట్టి మాటలు రికార్డు చేసింది. చివరి రోజు "నువ్వు కాసేపు బయట కూర్చో తల్లీ" అని ఆ అమ్మాయిని పంపేసి, తలుపేసుకుని ఒక్కడే ఏదో చాలాసేపు చెప్పుకున్నాడట. ఏం చెప్పుకున్నాడో ఎవరూ వినలేదు.

తాళం వేసే రోజున ఇద్దరూ మా గదికి వచ్చారు. ఎలా చెయ్యాలో చెప్పాను. తెరమీద ఏమీ కనపడదనగానే ఆయన మొహం విప్పారింది.

"అట్టా ఉండాలి! బేరమంటే పక్కోడికి కనపడకూడదు" అన్నాడు.

నా నియమం ప్రకారం కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చున్నాను. వెనక ఆయన మీటలు కొడుతున్నాడు. నాకేమో ఆగకుండా తుమ్ములు. అయిందన్నాక తిరిగాను. తాళం పడింది. ఆ ఫైలు తెరిచి పిచ్చి గీతలు చూపించాను. ఆయన తెరకి దగ్గరగా వంగి, నోరు తెరుచుకుని చూశాడు.

"ఇందులో నా గొంతుందా?"

"ఉందండి."

"ఏమే, నన్ను ముగ్గులోకి దించేశారే ఈ అమ్మ" అన్నాడు భార్యతో. ఆమె నవ్వింది. అసలు ఫైళ్ళు వాళ్ళ ఎదురుగానే చెరిపేశాను. నాలుగు రోజులకి ఆపరేషన్ అయిపోయింది. బాగా జరిగిందన్నారు.

గాయం మానాక ఇద్దరూ మళ్ళీ వచ్చారు. యార్డులో కొత్త మిర్చి దిగే రోజులు. ఊరంతా ఆ వాసనే. ఆయన మాత్రం యార్డు వైపే వెళ్ళకూడదు. మెడ రంధ్రంలోంచి ఊపిరి తీసేవాడికి ఆ ఘాటు తగిలితే ప్రాణం మీదికొస్తుంది. తుండుగుడ్డ కూడా మానెయ్యమన్నారు డాక్టర్లు. మెడకి తెల్లటి పలచని గుడ్డ కట్టుకుని, మనిషి సగమై వచ్చాడు. వరండా దద్దరిల్లేలా మాట్లాడిన మనిషి నాకు తలూపి ఊరుకున్నాడు.

మాటలన్నీ భార్యే చెప్పింది.

"ఇంట్లోకి వచ్చేటప్పుడు చప్పట్లు కొడతాడమ్మా, నేనే వచ్చాను అని. చప్పట్లు ఎవడైనా కొట్టొచ్చు కదా? అడుగుల చప్పుడైతే ఎవరూ అంటాను. జవాబుండదు. గుండె ఝల్లుమంటుంది. మొన్న ఆయనే పక్కన నిలబడి ఉంటే దొంగనుకుని కేకలేశాను. ఆ కేకలకి ఆయన ఏడ్చాడు. ఏడుపు కూడా నాకు వినపడదు. చెయ్యి తడిగా తగిలితే తెలిసింది."

మెడకి ఆనించుకుంటే బుర్రుమని మాట్లాడే యంత్రం ఒకటి ఇప్పించింది మా ఒంగోలు అమ్మాయి. అది ఆమెకి పనికిరాలేదు.

"తుమ్మెద మాట్లాడినట్టుంటుంది. మొగుడు మాట్లాడినట్టుండొద్దూ? ఆ గొంతు తియ్యండమ్మా, మీకు పుణ్యముంటుంది. ఇట్టా ఎన్నాళ్ళో ఉండలేను నేను."

ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేను గోడవైపు తిరిగాను. టకటకమని మీటలు. తిరిగి చూస్తే నల్ల తెరమీద ఇంగ్లీషులో ఒక వాక్యం. తాళంచెవి తప్పు, విప్పడం కుదరలేదని దాని అర్థం.

ఫర్లేదు, ఇంకోసారి కొట్టండి అన్నాను. మళ్ళీ అదే వాక్యం. నిదానంగా కొట్టండి. అదే వాక్యం. ఆయన చెమటలు తుడుచుకున్నాడు. నోటితో గాలి మాత్రం కదిలిస్తూ "అదే, అదే" అంటున్నాడు.

మా నెట్‌వర్క్ ఆయన వచ్చాడు. పెద్దక్షరాల మీట నొక్కుకుపోయి ఉందేమో చూశాడు. తాళం పడ్డ మూటకే దాచిన ఇంకో కాపీ తెచ్చి దానిమీద చేయించాడు. దానిదీ అదే మాట. పైనుంచి మాట నేర్పే అమ్మాయి కూడా దిగొచ్చి వెనక నిలబడింది.

చివరికి ఆయన బల్లమీద కాగితం లాక్కుని, దాచుకున్న రహస్యాన్ని రాసి నా ముందుకి తోశాడు. బేరాల మనిషి, గుట్టు విప్పడమంటే ఆయనకి పరువు తీసుకున్నట్టే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పదమేంటో చెప్పను, అది ఆయన సొంతం. నేనే కొట్టాను. తప్పు. విడగొట్టి కొట్టాను, కలిపి కొట్టాను. తప్పు, తప్పు.

"చెప్పానా అక్కా, ఒక కాపీ ఉంచుకుందామని" అన్నాడు మా నెట్‌వర్క్ ఆయన మెల్లగా. అరిచి ఉంటే బాగుండేది. ఆయన మెల్లగా మాట్లాడాడంటే ఆశ వదులుకున్నాడని మాకు లెక్క.

ఆ పనిముట్టు నాకు ఎంత ఇష్టమో చెప్పాను కదా. ఆ రోజు మొదటిసారి దాన్ని చూస్తే భయమేసింది. ఎదురుగా కూర్చున్నది ఆ గొంతు సొంతదారే. కన్నీళ్ళు పెట్టుకుని అడుగుతున్నాడు. దానికి మనిషి తెలీదు, కన్నీళ్ళు తెలీవు. పదం కావాలి, అంతే. ఇక లోకంలో ఎక్కడా లేదు ఆ గొంతు, ఈ పిచ్చి గీతల్లో తప్ప. ఇంకోసారి రికార్డు చేద్దామంటే చేసేందుకేం మిగిలింది?

"రేపు రండి, ఇంకా చూద్దాం" అన్నాను. రేపు చూసేదేమీ లేదని నాకు తెలుసు.

ఆయన లేచి భార్యకి మోచెయ్యి అందించాడు. ఆమె లేవలేదు. ఇందాకట్నుంచీ తల ఒక పక్కకి వంచి కూర్చుంది.

"అమ్మాయ్, ఈ మీటల పలక ఆ రోజుదేనా?" అంది.

"అదేనమ్మా. ఏం?" అన్నాను.

"ఆ రోజు చప్పుడు ఇట్టా లేదు. ఇవాళ టకటకమంటోంది. ఆ రోజు మెత్తగా వినపడింది, దుప్పటి కింద ఎవరో కొడుతున్నట్టు."

మేం మొహమొహాలు చూసుకున్నాం. ఆయన మాత్రం ఉన్నట్టుండి నుదురు కొట్టుకున్నాడు. భుజం మీద లేని తుండుని చేత్తో తడుముకుని చూపించాడు.

మా నెట్‌వర్క్ ఆయనకి ముందు వెలిగింది. "అబ్బా! గుడ్డ కింద బేరం!" అని అరిచాడు.

ఆ సంగతి మీలో గుంటూరు వైపు వాళ్ళకి తెలిసే ఉంటుంది. యార్డులో పాతకాలం పద్ధతి ఒకటి ఉండేది. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి, మీద తుండుగుడ్డ కప్పుతారు. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది ఉన్నా ఎవరికీ తెలియదు. ఇప్పుడు అన్నీ కంప్యూటర్ వేలాలు. కానీ ఆయన చేతులు పెరిగిందంతా గుడ్డ కిందే. రహస్యం చెప్పమనగానే ఆ చేతులకి అదే తోచింది. నేను గోడవైపు తిరిగాక తుండు దులిపి మీటల పలక మీద కప్పేశాడు. నాకు ఆ తుమ్ములెందుకు వచ్చాయో అప్పుడర్థమైంది.

కప్పి, గుడ్డ కింద చేతులు పెట్టి, తడుముకుంటూ కొట్టాడు. చూపు లేకుండా కొట్టిన వేళ్ళు ఎక్కడో ఒక మీట పక్కకి జరిగి ఉంటాయి. తెరమీద ఏమీ కనపడదు కదా, తప్పు పడిందని ఎవరికి తెలుస్తుంది? రెండోసారి కూడా ఆ వేళ్ళు అదే తప్పు, అక్కడక్కడే, అచ్చంగా అలాగే చేశాయి. అందుకే పనిముట్టు ఒప్పుకుంది. అంటే ఆ గొంతుకి పడిన తాళం ఆయన బుర్రలో ఉన్న పదం కాదు. ఆయన కాగితం మీద రాసిందీ కాదు. అదేంటో ఆయనకే తెలియదు. వేళ్ళకి తెలుసు.

తువ్వాలు కావాలి. మాట నేర్పే అమ్మాయి పరుగెత్తి పై వార్డు నుంచి ఉతికిన తువ్వాలు తెచ్చింది. ఆయన కూర్చుని, దాన్ని ఒకసారి దులిపి, మీటల మీద కప్పి, చేతులు లోపలికి పోనిచ్చాడు. మేమందరం గోడవైపు తిరిగాం. గోడ మీద క్యాలెండర్ తప్ప నాకింకేం కనపడట్లేదు. మెత్తగా, ఆగి ఆగి చప్పుడు.

తిరిగి చూస్తే అదే వాక్యం. తప్పు.

ఆయన గుడ్డ కిందనుంచి చేతులు బయటికి తీసేశాడు. "అయిపోయింది అక్కా" అన్నాడు మా నెట్‌వర్క్ ఆయన.

"ఏం అయిపోలేదు, ఊరుకో నాయనా" అంది ఆమె. కుర్చీ తడుముకుంటూ మొగుడి ఎడమపక్కకి జరిగి కూర్చుంది. "ఆ రోజు నేను ఈ పక్కనున్నా. నువ్వు గబగబా కొట్టావయ్యా ఇందాక. ఆ రోజు అట్టా కొట్టలేదు. ఎదురుగా బేరానికి మనిషి కూర్చున్నాడనుకో. మంచి సరుకు, నీకు తొందరేం లేదు. కొట్టు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. భుజాలు దిగాయి. గుడ్డ కింద వేళ్ళు కదలడం ఈసారి నేను చూస్తూనే ఉన్నాను, గోడవైపు తిరగాలని నాకు గుర్తే లేదు. అయినా చూసేదేముంది, గుడ్డ మీద చిన్న చిన్న అలలు తప్ప.

తెరమీద ఆ వాక్యం రాలేదు. ఏ వాక్యమూ రాలేదు. ఆ పనిముట్టుకి శుభవార్త చెప్పే అలవాటు లేదు. కింద మళ్ళీ కొత్త వరస కోసం గీత మినుకుమంటోంది, అంతే. ఫోల్డర్ తెరిచి చూస్తే ఆయన ఫైళ్ళన్నీ వరసగా ఉన్నాయి.

మా నెట్‌వర్క్ ఆయన నెత్తిమీద చేతులు పెట్టుకుని కింద కూలబడ్డాడు. మాట నేర్పే అమ్మాయి ఏడుస్తోంది. నేనేం చేశానో నాకు గుర్తులేదు. ఇప్పటికీ ఆలోచిస్తే బుర్ర తిరుగుతుంది. ప్రపంచంలో ఉన్న లెక్కలన్నీ కలిసి కాపలా కాసే తాళం అది. దాన్ని తెరిచింది యార్డులో ఓ మనిషి చెయ్యి, అది కూడా తను చేసిన తప్పుని పొల్లుపోకుండా మళ్ళీ చేసి. ఆ తప్పుని పట్టిచ్చింది చూపులేని ఆమె చెవి. ఇంతకంటే పెద్ద విడ్డూరం నా సర్వీసులో చూళ్ళేదు, ఇక చూడబోను.

"ఏదీ, వినపడేట్టు పెట్టమ్మా" అంది ఆమె.

అన్నింటికన్నా పెద్ద ఫైలు ఒకటుంది. ఆయన తలుపేసుకుని ఒక్కడే చెప్పుకున్నది అదే అయ్యుంటుంది. పెట్టమంటారా అన్నట్టు ఆయన వైపు చూశాను. తలూపాడు. పెట్టాను.

కాస్త గరగర. ఒక దగ్గు. తర్వాత ఆ బొంగురు గొంతు గదినిండా.

"ఏమే. నేనే."

ఆమె కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. గొంతు ఆగింది. ఫైలు అక్కడితో తెగిపోయిందేమోనని నేను మౌస్ అందుకోబోయాను. అంతలో మళ్ళీ వచ్చింది.

"అన్నం తిన్నావా?"

మళ్ళీ ఆగింది. ఆమె గొంతు సవరించుకుంది.

"తిన్నాను. నువ్వు?"

"నేనూ తిన్నాన్లే. పప్పులో ఉప్పు ఎక్కువేశావ్."

నేను మౌస్ దగ్గర్నుంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆమె మాత్రం ఎప్పటిలాగే విసుక్కుంది.

"ఎక్కువేం కాదు. నీ నోరే బాలేదు."

"సరే, నా నోరే బాలేదు. షుగరు మాత్ర వేసుకున్నావా?"

"వేసుకుంటాలే."

"వేసుకుంటాలే కాదు, వేసుకో."

అప్పుడర్థమైంది నాకు. ఆ రోజు తలుపేసుకుని ఆయన ఒక్కడే చెప్పుకున్నాడనుకున్నాం. ఒక్కడు కాదు. ఆమె ఏమంటుందో, ఎంతసేపు అంటుందో ఆయనకి తెలుసు. తన మాట చెప్పి, ఆమె మాటకి పట్టే సేపు ఆగి, మళ్ళీ చెప్పాడు. ఇన్నేళ్ళ కాపురంలో విన్న ప్రతి జవాబుకీ చోటు వదిలాడు. రేపు గొంతు పోతుందని తెలిసిన మనిషి.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ గొంతు కొంచెం తగ్గి అడిగింది.

"భయమేస్తోందా?"

ఆమె చెయ్యి చాపి పక్కన కూర్చున్న ఆయన మోకాలు వెతుక్కుని పట్టుకుంది.

"లేదు. నువ్వున్నావుగా."

"ఉన్నాను" అంది ఆ గొంతు. పక్కన ఆయన పెదవులు చప్పుడు లేకుండా ఆ మాటతో పాటే కదిలాయి.